వదిలిన చోటికి తిరిగి రావడం

సాయంత్రం ఏడింటికి గచ్చిబౌలిలో బండి తీశారు. టోలిచౌకిలో ఇంటి ముందు స్టాండు వేశారు. మధ్యలో షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కి వచ్చారా, కింది రోడ్డులో వచ్చారా? 2022 జనవరి 1న తెరిచిన ఆ ఫ్లైఓవర్ పొడవు దాదాపు 2.8 కిలోమీటర్లు. అంత దూరం మీరే నడుపుకుంటూ వచ్చి, ఎలా వచ్చారో చెప్పలేకపోతున్నారు. అన్నం తిన్నారు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడిగితే, ఖాళీ అయిన కంచం వైపు చూసి తడుముకున్నారు. తర్వాత శ్రుతిపెట్టె ఆన్ చేసి సాధకానికి కూర్చున్నారు. జంట వరుసలు మూడో కాలంలో పూర్తయ్యేసరికి మీకు తట్టింది: పాడింది గొంతు ఒక్కటే. మీరు పొద్దున ఆఫీసులో జరిగిన మాటామాటా దగ్గరే ఉండిపోయారు.

ఇవి మూడు వేర్వేరు సమస్యలని అనుకుంటున్నారా? రోడ్డు మీదిది ట్రాఫిక్ వల్ల, కంచం దగ్గరిది ఫోను వల్ల, పాట దగ్గరిది ప్రతిభ చాలకపోవడం వల్ల అని సర్దిచెప్పుకుంటున్నారా? నా దృష్టిలో మూడు చోట్లా జరిగింది ఒక్కటే. పని బాగా అలవాటైంది. అలవాటైన పనిలో మనసు అవసరం తగ్గుతుంది. అవసరం తగ్గగానే అది ఎటో వెళ్లిపోతుంది.

వెళ్లనివ్వండి, తప్పేం లేదు. అలవాటు అనేదే లేకపోతే రోజూ చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చేది. చిక్కు ఎక్కడొస్తుందంటే, మనసు వెళ్లిన సంగతి గంట తర్వాత తెలుస్తుంది. సంగీతంలో ఈ ఆలస్యానికి పెద్ద మూల్యం ఉంది. ధ్యాస లేకుండా ఒక సంగతిని పదిసార్లు పాడితే, అందులో ఉన్న చిన్న అపశ్రుతిని పదిసార్లు గట్టిపరిచినట్టే. రెండేళ్లుగా రోజూ గంటసేపు సాధకం చేస్తున్నా గొంతు ఉన్నచోటే ఉందని బాధపడేవాళ్లలో చాలామంది బద్ధకస్తులు కారు. గంట కూర్చుంటున్నారు, ఆ గంటలో పది నిమిషాలు మాత్రమే వింటున్నారు.

మీరెప్పుడైనా అష్టావధానం చూశారా? తిరుపతి వేంకట కవుల కాలంలో తెలుగు ఊళ్లన్నీ తిరిగిన విద్య అది. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరి అడిగే ఆయన అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనల్లా అవధాని ధ్యాస చెదరగొట్టడమే. కొన్ని అవధానాల్లో ఇంకొకరు మధ్యమధ్యలో తనకు తోచినప్పుడల్లా గంట కొడుతుంటారు, మొత్తం ఎన్ని కొట్టారో చివర్లో అవధాని చెప్పాలి. ఇన్నింటి నడుమ ఒక పద్యానికి ఒక పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళ్లి, మళ్లీ ఆవృత్తిలో రెండో పాదం అందుకుంటారు. అన్నీ అయ్యాక పద్యాలన్నింటినీ వరసగా ధారణ చేసి వినిపిస్తారు.

ఈసారి చూసినప్పుడు ఒక సంగతి గమనించండి. అప్రస్తుత ప్రసంగి అడ్డొస్తే అవధాని చెవులు మూసుకోరు, కోప్పడరు. ఆయన ప్రశ్నకి చమత్కారంగా జవాబిస్తారు, సభతో పాటు నవ్వుతారు, మరుక్షణం పద్యంలో ఏ పాదం దగ్గర ఆపారో సరిగ్గా అక్కడికి వస్తారు. కచేరీలో గాయకుడు చేసేదీ ఇదే. స్వరకల్పనలో ఎంత దూరమైనా తిరుగుతాడు, పాట ఎత్తుకున్న ఎడుపు దగ్గరికి మాత్రం తప్పకుండా చేరతాడు.

కాబట్టి మీరు నేర్చుకోవాల్సింది మనసుని కట్టేయడం కాదు. అది వెళ్లినట్టు త్వరగా తెలుసుకోవడం, ఎక్కడ వదిలిందో గుర్తుపట్టడం, అక్కడికి తిరిగి తీసుకురావడం. ఈ మూడే. వీటిని టీ కప్పు దగ్గరా నేర్చుకోవచ్చు, తంబూర దగ్గరా నేర్చుకోవచ్చు. ఒకచోట వచ్చిన నేర్పు రెండోచోట పనికొస్తుంది.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఎరుకకి పద్ధతులు, మెట్లు వద్దని జీవితమంతా చెప్పారు. ఆయన మీద నాకు చాలా గౌరవం. అయినా సంగీతం నేర్చుకునేవాళ్లకి నేను మెట్లే సూచిస్తాను. సరళీ వరుసలు పాడకుండా ఎవరూ వర్ణానికి రారు కదా. అందుకే కింద కొన్ని మెట్లు రాస్తున్నాను. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి.

1. ఒక్క అలవాటుని ఎంచుకోండి

రోజూ తప్పకుండా చేసే పని ఒకటి తీసుకోండి. పళ్లు తోముకోవడం, స్నానం, మెట్లు దిగడం, టీ తాగడం, ఏదైనా సరే. వారం రోజులు ఆ ఒక్క పనినే పూర్తిగా గమనిస్తూ చేయండి. టోలిచౌకిలో ఇరానీ చాయ్ దొరకని వీధి తక్కువ కాబట్టి టీనే అనుకుందాం. ఫోను జేబులో పెట్టండి. కప్పు వేడి వేళ్లకి తెలియాలి. మొదటి గుక్కలో మీగడ, తీపి, చివర్లో నాలుక మీద మిగిలే వగరు వరసగా తెలియాలి. కప్పంతా ఇలా తాగాలని పెట్టుకుంటే రెండో రోజే మానేస్తారు. మొదటి మూడు గుక్కలు చాలు. మధ్యలో ఆలోచన వచ్చిందా? వచ్చిందని గుర్తించి తర్వాతి గుక్క దగ్గరికి రండి.

వంట చేసేవాళ్లకి ఇంతకన్నా మంచి అవకాశం ఉంది: పోపు. నూనెలో ఆవాలు వేసి కళ్లు పక్కకి తిప్పండి, చెవితో మాత్రమే గమనించండి. మొదట ఒకటి రెండు చిట్లుతాయి, తర్వాత అన్నీ ఒక్కసారిగా చిటపటలాడతాయి, ఆపై చప్పుడు పలచబడుతుంది. ఆ పలచబడే క్షణంలో జీలకర్ర, కరివేపాకు వేయాలి. మన అమ్మమ్మలు ఎప్పుడూ గడియారం చూసి పోపు పెట్టలేదు, విని పెట్టారు. ఒక శబ్దం మొదలవడం, పెరగడం, తగ్గడం పూర్తిగా వినగలిగితే రాగాలాపన వినడానికి కావాల్సిన ఓపిక వంటింట్లోనే మొదలైనట్టు.

2. చుట్టూ ఉన్న శబ్దాలని గుర్తుగా పెట్టుకోండి

రోజు మొత్తం మీద ‘ఇప్పుడు గమనించాలి’ అని మనకి ఎవరు గుర్తుచేస్తారు? ఫోనులో అలారం పెడితే, అది మోగగానే ఫోను చేతిలోకి వస్తుంది, ఆ తర్వాత సంగతి మీకు తెలుసు. ఊరు చేసే శబ్దాలనే వాడుకోండి. టోలిచౌకిలో అజాన్ వినిపిస్తుంది. ఒక మసీదులో మొదలైన కొద్ది క్షణాలకి ఇంకో మసీదులో అందుకుంటారు. మీ మతం ఏదైనా కానివ్వండి, వినిపించగానే చేతిలో పని ఆపి ఒక పూర్తి శ్వాస సేపు వినండి. ఎన్ని గొంతులు వినిపిస్తున్నాయి? ఏది దగ్గర, ఏది దూరం? ఏ స్వరం మీద ఎక్కువసేపు నిలబడుతున్నారు? ఫిల్మ్‌నగర్ వైపు ఉండేవాళ్లు గుడి గంటని పెట్టుకోవచ్చు. రంజాన్ నెలలో మధ్యాహ్నం దాటాక హలీం బట్టీల దగ్గర ఇద్దరు ముగ్గురు కర్ర ఘోట్నాలతో దంచుతుంటారు. ఆ దరువు నిలబడి వినదగ్గది.

బండి నడిపేటప్పుడు మాత్రం ఈ అభ్యాసాలు వద్దు. రోడ్డు మీద మీ ధ్యాస రోడ్డుకే చెందాలి: ముందు బండి బ్రేకు లైటు, పక్కనుంచి దూరే ఆటో, హ్యాండిల్ మీద మీ పట్టు. సిగ్నల్ పడి ఆగినప్పుడు భుజాలు చెవుల దాకా ఎక్కి ఉన్నాయేమో చూసుకుని దించండి. అంతకుమించి ఏమీ చేయకండి.

3. పాడేముందు మూడు నిమిషాలు తంబూర వినండి

శ్రుతి ఆన్ చేసిన మరుక్షణమే ‘సా’ అందుకోవడం చాలామందికి అలవాటు. అప్పటికి చెవి ఇంకా వీధిలోనే ఉంటుంది. తంబూరకి నాలుగు తీగలు: పంచమం, సారణి, అనుసారణి, మంద్ర షడ్జం. మొదటి నిమిషం నాలుగింటినీ విడివిడిగా వినండి. రెండో నిమిషం మంద్ర తీగ ఒక్కదాన్నే పట్టుకోండి. బాగా శ్రుతి చేసిన తంబూరలో ఆ మంద్ర షడ్జం నుంచి అంతర గాంధారం తనంతట తాను పలుకుతుంది. ఎవరూ మీటని స్వరం అది. మూడో నిమిషం దాన్ని వెతకండి. మొదటి వారం వినిపించకపోవచ్చు, వెతికే పనిలోనే చెవి తెరుచుకుంటుంది. ఆ తర్వాత నోరు మూసుకునే, గొంతులో మెల్లగా షడ్జం కలపండి. మీ గొంతు తంబూరని ముంచేస్తోందంటే మీరు వినడం మానేశారని అర్థం. తంబూర ఎప్పుడూ మీకు వినిపిస్తూనే ఉండాలి.

ఫోనులో తంబూర యాప్ వాడేవాళ్లు దాన్ని తెరిచాక నోటిఫికేషన్లు ఆపి, ఫోనుని బోర్లా పెట్టండి.

4. మనసు ఏ వేలి దగ్గర వెళ్లిందో చూడండి

తాళం వేయడం లెక్క కోసమే అనుకుంటాం. ధ్యాసని చూపించే సాధనాల్లో నాకు తెలిసినంతలో ఇదే అన్నిటికన్నా మంచిది. ఆది తాళం తీసుకోండి: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది అక్షరాలు. సరళీ వరుస ఒకటి మొదటి కాలంలో పాడుతూ, మనసు వెళ్లిందని తెలిసిన క్షణంలో ఆగిపోండి. చెయ్యి ఎక్కడుంది? ఉంగరపు వేలి దగ్గరా, రెండో విసురు దగ్గరా? అప్పుడు పాడుతున్న స్వరం ఏది? పుస్తకంలో ఆ స్వరం కింద పెన్సిల్‌తో చుక్క పెట్టండి. మళ్లీ మొదటినుంచి కాకుండా, ఆగిన ఆవర్తనం ఎత్తుగడ నుంచి పాడండి.

వారం గడిచాక ఆ చుక్కలు చూడండి. చెల్లాచెదురుగా ఉండవు, కొన్నిచోట్ల గుంపులు కడతాయి. ఎక్కువమందికి కష్టమైన చోట కాకుండా, కష్టమైన చోటు దాటిన వెంటనే చుక్క పడుతుంది. ‘హమ్మయ్య’ అనుకున్న చోటే మనసు చేజారుతుంది. ఇది తెలిస్తే మీ సాధకం మారిపోతుంది. గండం గడిచాక వచ్చే తేలిక ఆవర్తనం మీద రెట్టింపు శ్రద్ధ పెడతారు. కీబోర్డు, గిటార్ వాయించేవాళ్లు పాదంతో తాళం వేస్తూ ఇదే పని చేయవచ్చు.

ఇంకో మాట. వేగంగా పాడితే ధ్యాస నిలుస్తుందని కొందరు మూడో కాలంలోకి పరుగెడతారు. వేగంలో నిలిచేది కంగారు. మొదటి కాలంలో రెండు స్వరాల మధ్య ఉన్న ఖాళీలో కూడా మీరు ఉండగలుగుతున్నారా? అది చూసుకున్నాకే రెండో కాలం.

5. గంట లెక్క

అవధానం నుంచి అరువు తెచ్చుకున్న అభ్యాసం ఇది, ఇంట్లో ఇంకొకరు ఉంటే చాలు. మీరు బాగా వచ్చిన కీర్తన పాడుతుంటారు. వాళ్లు తమ పని చేసుకుంటూనే, తోచినప్పుడు చెంచాతో గ్లాసు మీద ఒక్కసారి తడతారు. మీరు పాట ఆపకూడదు, తాళం జారకూడదు, వేళ్లతో లెక్కపెట్టకూడదు. ఒక ఇంట్లో ఇది ఇలా జరుగుతుందనుకుందాం:

“ఎన్ని కొట్టావమ్మా?”

“ముందు నువ్వు చెప్పు.”

“ఏడు.”

“తొమ్మిది. అనుపల్లవిలో రెండు వదిలేశావ్ చూడు.”

అనుపల్లవిలో రెండు ఎందుకు వదిలిపోయాయి? అక్కడ ఆ అమ్మాయి పాట కూడా వినడం లేదు కాబట్టి. అలవాటు పాడుతోంది. గ్లాసు చప్పుడు వినని చెవి తన గమకం కూడా వినలేదు. రోజూ వద్దు, వారానికి రెండుసార్లు చాలు. ఎక్కువైతే ఆటగా మారి, పాట వెనకబడుతుంది.

6. పాటని ముందు మాటగా చదవండి

సినిమా పాటైనా, అన్నమయ్య కీర్తనైనా, రాగం లేకుండా ఎవరికో చెబుతున్నట్టు సాహిత్యాన్ని పైకి చదవండి. కె.వి. మహదేవన్ గారు ముందు కవి రాసిన పాటని చేతిలో పెట్టుకుని, ఆ మాటల నడకకే బాణీ కట్టడంలో పేరు పొందారు. మాటకి ఉన్న బరువు తెలిస్తే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అదే చెబుతుంది. ఆ చోట్ల కాగితం మీద చిన్న గీత పెట్టుకోండి. గీత లేని చోట ఊపిరి అందక మాట విరిగిందంటే, గాలి చాలలేదని తొందరపడి అనుకోకండి. ముందు గీత దగ్గర శ్వాస తీసుకోవడం మరిచిపోయి ఉంటారు.

1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’ చూస్తూ పెరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, పిల్లల పాట అయ్యాక ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు ఒత్తులు పలికిన తీరు గురించి, ఊపిరి తీసుకున్న చోటు గురించి ఎంత ప్రేమగా చెప్పేవారో. ఆయన శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవారు కాదు. అయినా ‘శంకరాభరణం’లో పాడి జాతీయ పురస్కారం అందుకున్నారు. శ్రద్ధగా వినేవాడికి వినికిడే ఎంత పెద్ద గురువో చెప్పడానికి ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

7. ఒక్కటే టేక్

ఘంటసాల గారి తరంలో మద్రాసు స్టూడియోల్లో పాట రికార్డింగు ఎలా జరిగేదో తెలుసా? గాయకులు, వాద్యబృందం అంతా ఒకేసారి పాడి వాయించేవారు. చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పినా, గాయని ఒక్క అక్షరం తడబడినా పాట మళ్లీ మొదటినుంచి. ఇరవై ముప్పై మంది శ్రమ మీ ఒక్కరి ధ్యాస మీద ఆధారపడి ఉందని తెలిస్తే మనసు ఎక్కడికి వెళ్తుంది?

ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో, జూబ్లీహిల్స్‌లో ఒక గదిలో ఒక్కరే హెడ్‌ఫోన్ పెట్టుకుని, క్లిక్ వింటూ, లైను లైనుగా పాడతారు. తప్పితే ఆ మాట ఒక్కటే పంచ్ చేస్తారు. కాస్త శ్రుతి తగ్గితే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. ఈ సౌకర్యాన్ని నేను తప్పుపట్టను. దీనివల్లే డబ్బు లేని కుర్రాడు కూడా టోలిచౌకిలో పడగ్గదిలో పాట చేయగలుగుతున్నాడు. కానీ ‘ఇంకో టేక్ ఉందిలే’ అనే భరోసా మనసుకి మెల్లగా చేరుతుంది. పన్నెండు టేకులు పాడిన ఒక ట్రాక్ సింగర్‌ని ఊహించుకోండి. ప్రతి టేకూ బానే ఉంటుంది, ఏ టేకులోనూ ఆమె పూర్తిగా ఉండదు. చివరికి ఇంజనీర్ నాలుగో టేకు నుంచి పల్లవి, తొమ్మిదో దాని నుంచి చరణం కలిపి ఇస్తాడు.

ఇంట్లో సాధకం చేసేటప్పుడు వారానికి ఒకరోజు ఒకే టేక్ నియమం పెట్టుకోండి. పద్ధతి ఇది. పాట మొత్తం మనసులో ఒకసారి, పెదాలు కదపకుండా పాడుకోండి. ఫోనులో రికార్డు నొక్కండి. మొదటినుంచి చివరిదాకా పాడండి. తప్పు వస్తే ఆపకండి, క్షమాపణ చెప్పినట్టు మొహం పెట్టకండి, తర్వాతి మాటలోకి వెళ్లండి. తప్పు పాడిన మాటనే తలుచుకుంటూ పాడితే తర్వాతి లైను కూడా పోతుంది. జరిగిపోయిన స్వరాన్ని వదిలి, ఇప్పటి స్వరంలోకి రావడాన్ని ఇంతకన్నా సూటిగా నేర్పే అభ్యాసం నాకు తెలియదు. పాట అయ్యాక వెంటనే వినకండి. పాడినప్పటి ఉద్వేగం ఇంకా చెవిలో ఉంటుంది. మర్నాడు వినండి, వింటూ రెండే ప్రశ్నలు వేసుకోండి: ఏ లైనులో నేను పూర్తిగా ఉన్నాను? ఏ లైనులో లేను? బాగుందా బాగోలేదా అన్న తీర్పు ఇంకోరోజుకి వాయిదా వేయండి.

8. ఎదురుచూసే గంటలు

స్టూడియోకి పదింటికి రమ్మంటారు, మైకు ముందుకి పిలిచేసరికి మూడవుతుంది. కోరస్ పాడేవాళ్లకి, వాద్యకారులకి ఇది రోజూ ఉన్నదే. ఆ ఐదు గంటలు రీల్స్ చూస్తే ఐదారు వందల ముక్కల పాటలు చెవిలో చేరతాయి, మీరు పాడాల్సిన పాట వాటి కింద పడిపోతుంది. గంటకొకసారి ఐదు నిమిషాలు సాహిత్యం కాగితం తీసి మౌనంగా పాడుకోండి. మిగతా సమయం నడవండి, నీళ్లు తాగండి, పక్కవాళ్లతో కబుర్లు చెప్పండి. కబుర్లలో కూడా ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగడం అలవాటు చేసుకుంటే, పాటలో విరామం ఇవ్వడం వస్తుంది.

పాటలకి ప్రోగ్రామింగ్ చేసే మిత్రులకి ఒకటి. రెండు గంటలు ఏకబిగిన లూప్ వింటే చెవి అలసిపోతుంది. అలసిన చెవికి అంతా మొద్దుగా వినిపించి, ట్రెబుల్ పెంచుతూ పోతారు, పొద్దున్నే వింటే పాట గీరుతున్నట్టు ఉంటుంది. ప్రతి నలభై నిమిషాలకి హెడ్‌ఫోన్ తీసి బాల్కనీలో ఐదు నిమిషాలు నిలబడండి. తిరిగొచ్చాక ట్రాకులన్నీ మ్యూట్ చేసి ఒక్కొక్కటే తెరుస్తూ, ఇది పాటలో ఎందుకుందని అడగండి.

ఎక్కడ జారిపోతారు?

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు: మనసు వెళ్లిందని తెలియగానే తమని తాము తిట్టుకోవడం. ‘నాకు ఏకాగ్రత లేదు, నా వల్ల కాదు’ అని అరనిమిషం తిట్టుకుంటే, ఆ అరనిమిషం కూడా పాట లేనట్టే. తెలిసింది కదా, సంతోషించండి. నిన్న గంట తర్వాత తెలిసింది, ఇవాళ రెండు ఆవర్తనాల్లో తెలిసింది. ఇది ముందడుగు.

రెండోది, మొదటి వారంలోనే ప్రశాంతత కోసం చూడటం. గమనించడం మొదలుపెట్టాక ముందు కనిపించేది గందరగోళమే. గది ఊడ్చడం మొదలుపెడితే దుమ్ము లేచినట్టు. కొద్దిరోజులు ఓర్చుకోండి.

మూడోది, ఒకేసారి రెండు పనులు. టీవీ చూస్తూ సరళీ వరుసలు వాయించేవాళ్లు ఉన్నారు. ‘హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారట కదా’ అని నాతో వాదించినవాళ్లూ ఉన్నారు. నిజమే, అలా చెప్పుకుంటారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షులుగా పనిచేసిన విద్వాంసుడాయన. ఆ ఐదు తాళాలూ ఒకే సంగీతంలోవి, ఒక్కోటీ ఏళ్ల తరబడి విడిగా సాధించినవి. టీవీ సీరియల్‌కి, మీ సరళీ వరుసకి ఆ బంధుత్వం లేదు.

ఇంకొకటి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. దిగులుతోనో, భయాలతోనో చాలాకాలంగా బాధపడుతున్నవాళ్లకి కళ్లు మూసుకుని కూర్చుంటే బాధ పెరగవచ్చు. అలా అయితే కళ్లు తెరుచుకునే, చేతి పనితోనో నడకతోనో ఈ అభ్యాసం చేయండి, డాక్టరుని కలవడం వాయిదా వేయకండి. సాధకం వైద్యానికి బదులు కాదు.

ఒక ఆదివారం గోల్కొండకి

టోలిచౌకిలో ఉంటూ ఇన్నేళ్లలో గోల్కొండ ఎన్నిసార్లు ఎక్కారు? చుట్టాలొచ్చినప్పుడు తప్ప వెళ్లి ఉండరు. ఈసారి ఒంటరిగానో, మీతో పాడే స్నేహితుడితోనో, జనం పెరగకముందే పొద్దున్నే వెళ్లండి. ప్రవేశద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరంలో పైన ఉన్న బాలాహిసార్ దగ్గర వినిపిస్తుంది. శత్రువుల రాకని పైనున్నవాళ్లకి తెలియజేయడానికి కుతుబ్‌షాహీల కాలంలో చేసుకున్న ఏర్పాటు. వచ్చినవాళ్లంతా అక్కడ చప్పట్లు కొడతారు, ఫొటో దిగుతారు, ముందుకెళ్తారు. మీరు వినండి. స్నేహితుడిని పైకి పంపి కింద ఒక్క చప్పట కొట్టండి, రెండోసారి మీరు పైకి వెళ్లండి. కింద కొట్టిన చప్పుడులో గుమ్మటం ఏం కలిపింది? పైకి చేరేసరికి దానిలో ఏం మిగిలింది? పదునా, గుండ్రదనమా? పాటకి ఎకో వేసే ముందు ఇది విన్నవాడి చెయ్యి నాబ్ మీద జాగ్రత్తగా తిరుగుతుంది.

మెట్లెక్కే దారిలో రామదాసు బందీఖానా ఉంది. భద్రాచలంలో గుడి కట్టించి రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్నని గోల్కొండ సుల్తాను తానీషా పన్నెండేళ్లు ఖైదు చేసిన చోటని చెబుతారు. ఆయన కీర్తనల్లో కొన్ని అక్కడే పుట్టాయని తరతరాల నమ్మకం. లోపల కాసేపు మాట్లాడకుండా నిలబడి ఆ గది శబ్దం వినండి. రద్దీ లేకపోతే షడ్జం ఒక్కటి, పక్కవారికి ఇబ్బంది లేనంత మెల్లగా పలికి, గోడలు దాన్ని ఎంతసేపు నిలుపుతాయో చూడండి.

ఇంటికొచ్చాక మీకు బాగా వచ్చిన రామదాసు కీర్తన ఒకటి తీసుకోండి. తంబూర మూడు నిమిషాలు, మనసులో ఒకసారి, తర్వాత ఒకే టేక్. ఫైలుకి ఆ రోజు తారీఖు పేరు పెట్టి దాచండి. నెల తర్వాత అదే కీర్తన, అదే శ్రుతి, మళ్లీ ఒకే టేక్. రెండూ పక్కపక్కన వినేటప్పుడు పెన్సిల్, సాహిత్యం కాగితం దగ్గర పెట్టుకుని, మీరు లేని లైన్ల కింద చుక్కలు పెట్టండి. వచ్చే వారం సాధకం ఆ చుక్కల దగ్గర మొదలుపెట్టండి.